అడిగిన ధరకే ఇచ్చిన చీర

ఆ ఆదివారం పొద్దున బీణాపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పూరీలు తినేసి, ఎండ ముదరకముందే గరియాహాట్ బజారుకి వెళ్లి, తనకొక చీర కొనుక్కుని, మధ్యాహ్నం చేపల పులుసు వేళకి ఇంటికి వచ్చేయడం. ఇందులో వింత ఏమైనా ఉంటే అది 'తనకొక చీర' అన్న మాటే. ప్రతి దుర్గాపూజకీ ఇంటిల్లిపాదికీ, ఆడపడుచు పిల్లలకీ, ఆఖరికి పనిమనిషికీ బట్టలు కొన్నాక, తన వంతు వచ్చేసరికి "నాకెందుకు, ఉన్నవి చాలు" అనేసేది ఆవిడ. అలాంటిది కిందటి వారం ఫుట్‌పాత్ మీద హారాధన్ కొట్లో కందిపప్పు రంగుకి నేరేడు అంచున్న నేతచీర చూసి, రెండుసార్లు చేత్తో నిమిరి, ధర అడక్కుండా వచ్చేసింది. నచ్చనివాటికే ఆవిడ ధర అడుగుతుంది. అడగలేదంటే మనసు పారేసుకున్నట్టే.

కూతురు ఝిమ్లీకి ఆ సంగతి తెలుసు. బ్యాంకులో ఉద్యోగం వచ్చాక ఆమెకిదే మొదటి పూజ బోనసు. ఎలాగైనా ఆ చీర అమ్మ ఒంటి మీద చూడాలని ఆమె కోరిక. కానీ అమ్మతో బజారుకి వెళ్లడమంటే ఆమెకి చిన్నప్పటినుంచీ ప్రాణసంకటం. బేరం బిగుసుకున్న చోట "బాలేదమ్మా, పోదాం పద" అనడం కూతురి వంతు. ఆ మాట ఆమె పాఠం అప్పజెప్పినట్టు నేల చూస్తూ అనేది. ఆమధ్య పరదాల కొట్టు ముందు అమ్మ గొంతు పెంచి బేరమాడుతుంటే బ్యాంకు మేనేజరు భార్య చూసి నవ్వుతూ వెళ్లిపోయింది. ఆ నవ్వు ఝిమ్లీ ఇంకా మరచిపోలేదు.

అందుకే శనివారం సాయంత్రం బ్యాంకు నుంచి నేరుగా హారాధన్ దగ్గరికి వెళ్లింది.

"హారాధన్‌దా, రేపు అమ్మ ఆ చీర కోసం వస్తుంది. ఎంత అడిగితే అంతకి ఇచ్చెయ్యి. తక్కువైంది నేనిస్తాను."

"మాషీమా అడిగిన ధరకా?" బెంగాలీలో పిన్నిగారిని అలాగే పిలుస్తారు. "దీదీ, పదిహేనేళ్లుగా ఆవిడతో బేరమాడుతున్నా. నేను ఒప్పుకుంటే ఆవిడ ఊరుకుంటుందా?"

"ఎందుకు ఊరుకోదు? మోకాళ్ల నొప్పులు పాపం. ఎండలో గంటసేపు నిలబడాల్సిన ఖర్మ ఏమిటి?"

మోకాళ్ల నొప్పులు అబద్ధం కాదు. కాకపోతే అవి బేరం దగ్గర ఎప్పుడూ పుట్టవని ఝిమ్లీకి తెలుసు. అయినా ముందుగా వెయ్యి రూపాయలు అతని చేతిలో పెట్టి, అమ్మకి మేలు చేశానన్న తృప్తితో ఇంటికి వచ్చింది.

మర్నాడు బీణాపాణి కూతురిని వెంటబెట్టుకుని వెళ్లి, హారాధన్ కొట్లో ఆ చీర తప్ప అన్నీ చూసింది. దుప్పట్లు చూసింది, దిండు గలీబులు చూసింది. అప్పుడు పోనీలే అన్నట్టు చీర వైపు వేలు చూపించింది.

"దీనికెంత చెప్తున్నావు?"

"రెండువేల రెండొందలు మాషీమా."

"ఎనిమిదొందలు" అంది ఆవిడ. అది ధర కాదు, గొంతు సవరించుకోవడం. అసలు బేరం ఇకమీదట మొదలవ్వాలి.

"సరే, తీసుకోండి" అన్నాడు హారాధన్.

బీణాపాణి నాలుక చివర సిద్ధంగా ఉన్న మాట అక్కడే ఆగిపోయింది. గోడ ఉందనుకుని చెయ్యి ఆన్చిన మనిషిలా తూలి, చీర లాక్కుని మడత మడతా విప్పి వెలుతురుకి పట్టి చూసింది. వేలు తడిచేసి అంచు రుద్దింది.

"రంగు పోతుందా?"

"పోదు."

"చిరిగిందా?"

"లేదు మాషీమా."

"మరెందుకు ఇస్తున్నావు?"

హారాధన్‌ని ఇన్నేళ్ల వ్యాపారంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "బోణీ బేరం కదా" అన్నాడు. పదకొండు దాటింది, గల్లాపెట్టె మూతపడటం లేదు. అది గమనించి "మీరంటే గౌరవం" అని సర్దుకున్నాడు.

"పదిహేనేళ్లుగా లేని గౌరవం ఇవాళెక్కడ ఊడిపడింది?"

ఝిమ్లీ ఇక ఆగలేక "బాగుందమ్మా, తీసేసుకో" అంది. అది మంట మీద కిరసనాయిలు పోసినట్టయింది. బేరం దగ్గర కూతురి నోట అలాంటి మాట ఏనాడూ రాలేదు. తల్లి ఆమె నుదురు తాకి చూసింది.

ఈలోగా పక్కన చీరలు వెతుక్కుంటున్న ఆడవాళ్ల చెవిన ఎనిమిదొందలన్న మాట పడింది. "నాకు అలాంటివి రెండు తియ్యి" అంది ఒకావిడ. "నిన్న నా దగ్గర పద్దెనిమిదొందలు గుంజావుగా, మిగతాది ఇటివ్వు" అంది ఇంకొకావిడ.

"అది మాషీమాకి మాత్రమేనమ్మా. ఆవిడ సంగతి వేరు."

"ఏం వేరు?"

హారాధన్ ఝిమ్లీ వైపు చూశాడు. ఝిమ్లీ మరమరాల బండి వైపు చూసింది. "లోపమున్న సరుకన్నమాట" అని ఆడవాళ్లు తేల్చేశారు. పక్కన గాజులమ్మేవాడు "దొంగ సరుకేమో" అని తన వంతు సాయం చేశాడు. అక్కడ హారాధన్‌కి పౌరుషం ముంచుకొచ్చింది.

"లోపమా? మా మామగారు సొంత మగ్గం మీద నేసిన చీర ఇది. పదహారొందలకి పైసా తగ్గినా ఇవ్వను."

"ఇప్పుడేగా ఎనిమిదొందలకి తీసుకోమన్నావు?" అంది బీణాపాణి.

"అది పొరపాటు."

"మాట మార్చేవాడి దగ్గర మాకేం పని?" అని ఆవిడ వెనక్కి తిరిగి నడిచింది.

మామూలు రోజైతే బేరంలో అదే తీయని ఘట్టం. గొడుగుల కొట్టు చేరేలోగా వెనకనుంచి "రండి మాషీమా, రండి" అని కేక రావాలి. ఆవిడ కావాలనే నెమ్మదిగా నడిచింది. గొడుగుల కొట్టు దగ్గర ఆగి, అక్కర్లేని గొడుగు విప్పి చూసి మళ్లీ మూసింది. కేక రాలేదు. ఇద్దరూ తిరిగి చూసేసరికి, కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ పదహారొందలు లెక్కపెట్టి ఆ చీరని సంచిలో దోపుకుంటోంది. ఇంత రభస జరిగిందంటే సరుకు అసలైనదే అయ్యుంటుందని ఆవిడ నమ్మకం.

ట్రాములో బీణాపాణి ఖాళీ సంచి మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"నేనది పదహారొందల సరుకనుకున్నాను" అంది. "కోపంలో ఎంతైనా అంటాడు. మొదట ఒప్పుకున్నదే అసలు ధర. ఎనిమిదొందలకి అంత తేలిగ్గా దిగాడంటే అది నాలుగొందలైనా చెయ్యదు. నా అంచనా పోయిందే ఝిమ్లీ."

చీర పోతే పోయింది, ఇది మాత్రం ఝిమ్లీ ఊహించలేదు. మర్నాడు కింది వాటా మిత్రగారి కోడలు బజారుకి తోడు రమ్మంటే "నాకిప్పుడు ధరలు తెలియట్లేదమ్మా, ఇంకెవర్నైనా తీసుకెళ్లు" అంది తల్లి. చేపలవాడు చెప్పినంత మారుమాట్లాడకుండా ఇచ్చేస్తే, వాడు హడలిపోయి ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడిగాడు.

ఆ మాట విన్నాక ఝిమ్లీ ఉండలేకపోయింది. తల్లి కత్తిపీట ముందు కూర్చుని బంగాళాదుంపలు తరుగుతుంటే, పక్కన కూలబడి జరిగినదంతా చెప్పేసింది.

బీణాపాణి తరగడం ఆపింది. "అయితే నా అంచనా సరైనదేనన్నమాట."

"సరైనదేనమ్మా. నన్ను క్షమించు."

"వాడికెంతిచ్చావు?"

"వెయ్యి."

"వాడెంత అడిగాడు?"

"ఏమీ అడగలేదు. నేనే ఇచ్చాను."

ఆవిడ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. లేచి, చీర మార్చుకుని, చెప్పులు వేసుకుంది. "ఒక్క అబద్ధానికి వెయ్యా? రెండొందలకి ఆడేవాడు" అంటూ మెట్లు దిగిపోయింది. మోకాళ్లు గుర్తున్నట్టు లేదు.

సాయంత్రం వెలిగిపోతూ తిరిగొచ్చి, డబ్బు కూతురి చేతిలో పెట్టింది. హారాధన్ చాయ్ కూడా తాగించాడట. చీర మాత్రం దొరకలేదు, వాళ్ల మామగారు పూజలోగా ఇంకొకటి నెయ్యలేనన్నాడట. అష్టమి నాడు బీణాపాణి ఉన్నవాటిలోనే ఒకటి కట్టుకుని పుష్పాంజలికి వచ్చింది. పక్కన నిలబడ్డ ఝిమ్లీకి మంత్రం మీద మనసు నిలవలేదు.

దీపావళికి ముందు ఒకరోజు తల్లి మిత్రగారి కోడలితో కలిసి సంచి పట్టుకుని బయల్దేరింది.

"నేనూ రానా అమ్మా?"

"నువ్వెందుకులే" అంది బీణాపాణి. గొంతులో కోపం అణుమాత్రం లేదు. "నాతో బజారుకొస్తే నీకు నామోషీ కదా తల్లీ. చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాగా."

ఝిమ్లీ బాల్కనీలోంచి వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. డబ్బు పూర్తిగా తిరిగొచ్చింది కాబట్టి, ఆ పూజకి వాళ్లింట్లో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదనే చెప్పుకోవాలి.