ఊడే పిడికి జేజేలు

కత్తి పిడి అన్నది ఊడిపోవాలి. ఊడని పిడి నాగరికతకు శత్రువు! ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. మూడు వారాలలో మూడు పిడులు ఊడగొట్టుకొని, తగిన సాక్ష్యాధారాలతో అంటున్నాను.

నేను చెబుతున్నది ఉల్లిపాయలు తరిగే చాకు గురించి కాదు. పెరట్లో, తోటల్లో పొదలు నరకడానికి వాడే మూరెడు కత్తి గురించి. పూర్వం దానికి కొయ్య పిడి ఉండేది. కత్తి ఇనుము ఆ కొయ్య మధ్యగా ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగేది. మూడు రివెట్లు దానిని కదలకుండా పట్టి ఉంచేవి. ఎంత మోటుతనం! అటువంటి కత్తి చేతికిస్తే మనిషి ఏం చేస్తాడు? పని చేస్తాడు! ఒళ్ళు హూనమయ్యేదాకా చేస్తాడు. మధ్యలో ఆపడానికి గౌరవప్రదమైన కారణం ఒక్కటి కూడా దొరకదు.

అటువంటిది మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. పాతబడిందని దానిని పెరటి గోడ అవతల నివసించే పోస్టుమాస్టరు గారికి ఇచ్చివేశాను. ఆయనా నాలాగే రిటైరైన మనిషి. మా రెండు పెరళ్ళకూ మధ్య ఒక ఊచల గేటు ఉన్నది. ఆయన ప్రతి మధ్యాహ్నమూ ఆ గేటు దాటి చదరంగానికి వచ్చేవారు. ఈ వానాకాలంలో ఒక ముళ్ళతీగ రెండు వైపుల నుంచీ అల్లుకొని గేటును మింగివేసింది. వీధి చుట్టూ తిరిగి రావడానికి ఆయన మోకాళ్ళు ససేమిరా అన్నాయి. మా వరండాలో బల్లమీద ఆట సగంలో ఆగిపోయింది. ఎత్తు వేయవలసింది ఆయన.

అప్పుడు నేను ఆధునికమైన కత్తిని కొన్నాను. దాని పిడి లోపల డొల్ల! మూత తిప్పితే అందులో ఒక గాలం, కొంత దారం, అరడజను అగ్గిపుల్లలు. మూతకు దిక్సూచి.

"పెరట్లోకెళ్ళడానికి దిక్సూచెందుకండీ? దారి తప్పితే ఓ కేకెయ్యండి, నేనొచ్చి తీసుకొస్తా" అన్నది నా శ్రీమతి.

సాంకేతిక విషయాలలో ఆమెతో చర్చించడం నేను ఏనాడో మానుకున్నాను. వీధి చుట్టూ నడిచివెళ్ళి పోస్టుమాస్టరుకు చూపించాను. ఆయన పార్సిలు తూచినట్టు దానిని అరచేతిలో ఎగరేసి చూసి, పిడి మీద వేలితో తట్టారు.

"లోపలంతా గుల్లే లెక్చరర్ గారూ! నాలుగు దెబ్బలకి ఊడొస్తుంది. మీ పాత కత్తి ఇస్తాను, పట్టుకెళ్ళండి."

ఇచ్చినదానిని తిరిగి పుచ్చుకోవడమా? నేను! లేచి నిలబడ్డాను.

"నా కత్తితో ఆ గేటు తెరుచుకునే మీ గుమ్మం తొక్కుతాను. అప్పటిదాకా ఇటు రాను!"

పోస్టుమాస్టరు లెక్క తప్పలేదు. నాలుగో దెబ్బకు పిడి నా చేతిలో ఉండిపోయింది. కత్తి మాత్రం తీగ మీదుగా ఎగిరి గోడ అవతల పడింది. అది ఏ దిక్కుకు పోయిందో చూపడానికి దిక్సూచి నా చేతిలోనే ఉన్నది! ఇంతటి ముందుచూపు మరే తయారీదారుకైనా ఉంటుందా?

"ఏమండోయ్!" అని అవతలి నుంచి కేక వినిపించింది. "ఉత్తరం అందింది! కవరు మీ దగ్గరే ఉండిపోయినట్టుంది!"

నేను పిడిని జేబులో వేసుకొని ఇంట్లోకి నడిచాను.

రెండవ కత్తికి రబ్బరు పిడి. వేళ్ళు అమరడానికి నాలుగు గాడులు. వాటిని ఎవరి చేతిని చూసి చెక్కారో కాని, ఆ మనిషిని చూడాలని నాకు చాలా కుతూహలంగా ఉన్నది. నా చూపుడు వేలు మొదటి గాడిలో దిగితే చిటికెన వేలికి నిలువ నీడ లేదు! చెమట పట్టగానే పిడి చేపలా జారింది. మర్నాటికి రబ్బరు తొడుగు మేజోడులా ఊడి వచ్చింది. అరచేతినిండా బొబ్బలు. ఫలితంగా వారం రోజులపాటు అంట్లు తోమే పని తప్పింది. గట్టి పిడి నాకు ఏనాడైనా ఇంత ఉపకారం చేసిందా?

మూడవదాని పెట్టె మీద 'హ్యాండిల్ విత్ కేర్' అని ముద్రించారు. ముప్ఫయి నాలుగు సంవత్సరాలు ఇంగ్లీషు వ్యాకరణం బోధించిన నేను ఆ 'హ్యాండిల్'ను క్రియ అనుకున్నాను. జాగ్రత్తగా వాడమని సలహా ఇచ్చారనుకున్నాను. అది నామవాచకం! 'పిడి ఒకటున్నది, దానితో జాగ్రత్త' అని వారు నిజాయితీగా హెచ్చరించారు. తప్పు చదివినవాడిది కాని, రాసినవాడిది ఎలా అవుతుంది? ఆ ప్లాస్టిక్ పిడి నిలువునా చీలింది. కత్తి తీగలోనే చిక్కుకొని, అక్కడే విశ్రమించింది.

ఒక్క క్షణం ఆలోచించండి! రాజుల కాలంలో ఇలాంటి పిడులే ఉండి ఉంటే యుద్ధాలన్నీ నాలుగో దెబ్బకు ముగిసేవి కావా? ఇరుపక్షాల సైనికులూ ఎగిరిపోయిన కత్తులను కలిసి వెతుక్కుంటూ స్నేహితులైపోయేవారు. చెట్లు కొట్టవద్దని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఇంతవరకు ఒక్క పిడి తయారీదారుకైనా శాలువా కప్పారా? మా ముళ్ళతీగను చూడండి! మూడు కత్తులు దాని మీదకు వెళ్ళాయి. అది మూడు బారలు పెరిగింది.

చీలిన పిడిని పట్టుకొని నేను ఇలా లోకకల్యాణం గురించి యోచిస్తూ ఉండగా శ్రీమతి పెరట్లోకి వచ్చింది. నా చేతివైపు చూసింది.

"పిడివాదం, పిడివాదం అంటారే, ఇదేనన్నమాట! కత్తి పోయినా పిడీ ఉంది, వాదమూ ఉంది."

ఈ వ్యుత్పత్తి శాస్త్రసమ్మతం కాదని నేను చెప్పబోతూ ఉండగా తీగలోనుంచి ఒక చప్పుడు వినిపించింది. టక్. కొంత విరామం. మళ్ళీ టక్. ఆకులు కదిలాయి. ముందు ఒక కత్తి మొన, ఆ తరువాత ఒక కళ్ళజోడు దర్శనమిచ్చాయి. పోస్టుమాస్టరు ముక్కాలిపీట మీద కూర్చొని, గేటు ఊచల సందులోనుంచి చెయ్యి చాచి మా వైపు తీగను కోస్తున్నారు. ఆయన వైపు అంతా అప్పటికే శుభ్రంగా ఉన్నది. ఈ మూడు వారాలూ రోజుకు కాసేపు ఆయన చేస్తున్న పని అదేనట.

ఆఖరి కొమ్మ తెగింది. గేటు కిర్రుమన్నది.

"రండి" అన్నారాయన.

నేను కదలలేదు. "నా కత్తితో తెరుచుకుని వస్తానన్నాను."

ఆయన చేతిలోని కత్తిని తిప్పి పిడి నా వైపు చాపారు. నల్లబడిన కొయ్య. మూడు రివెట్లు.

"ఇది మీ కత్తేగా లెక్చరర్ గారూ!"

గేటు దాటాను. ఆయన గుమ్మం ఒకసారి తొక్కి, వెంటనే ఆయనను చెయ్యిపట్టుకొని మా వరండాకు తీసుకువచ్చాను. మూడు వారాలుగా దాచుకున్న ఎత్తు వేసి ఆయన నా మంత్రిని ఎత్తేశారు. కత్తిని తిరిగి ఇమ్మని నేను చాలా మర్యాదగా అడిగాను. అంతకంటే మర్యాదగా ఇవ్వనన్నారు.

అయినా నా సిద్ధాంతంలో మార్పు లేదు. ఊడే పిడి వరమే! తయారీదారులకు ఒక్క మనవి మాత్రం చేసుకుంటున్నాను. అయ్యలారా, పిడిలో గాలం పెట్టండి, దారం పెట్టండి, అగ్గిపుల్లలు పెట్టండి, దిక్సూచి పెట్టండి. అన్నీ సర్దిన తరువాత ఇంకా కాస్త చోటు మిగిలితే, దయచేసి, అందులో కత్తిని కూడా పెట్టండి.