దిగని వ్యోమగామి, మింగని మాత్ర

సహస్రకిరణుడు వంటింటి కిటికీ ఊచల సందున దూరి, తోమని గిన్నెలకు సైతము నిష్పక్షపాతముగా బంగారుపూత పూయుచున్న ప్రాతఃకాలంబున, ఇరుకైన అద్దెయింటి నడిమిగదిలో, చాపయే రణరంగముగా, దక్షిణహస్తమున స్పూనును, వామహస్తమున బొమ్మలపుస్తకమును ధరించి, కొంగు నడుమున దోపి, జావగిన్నెసమేతయై ఒక తల్లి ఆసీనురాలాయెను. ఎదుట, జ్వరము విడిచినను పంతము విడువక, పెదవులను కోటతలుపులవలె బిగించిన కూతురు, పిడుగు అను ముద్దుపేరు గల నాలుగేండ్ల వీరకుమారి.

జ్వరము కాచినన్నాళ్లు పిల్ల కడుపులోనికి మంచినీళ్లు తప్ప దిగలేదు. ఫ్యాను వేసినచో బిడ్డ ఎగిరిపోవునేమోనని తల్లికి దిగులు. ఆమె దిగుళ్లకు మొదలే గాని తుద లేదు. కావున ఆ యింట నొక యుద్ధనీతి వెలసెను: ఒక బొమ్మకు ఒక స్పూను. డాక్టరమ్మ యిచ్చిన చేదుమాత్రను పొడిచేసి, తక్కిన జావ పాడుగాకుండ, కడపటి స్పూనుకై అట్టిపెట్టెను.

ఆ పుస్తకమో, మానవుడు తొలిసారి అంతరిక్షమున కెగసిన గాథ. ఏడవ తరగతి నడుమనే బడి మానిన తల్లి పొడుగు పేరాల జోలికి పోక, బొమ్మలు చూచి కథ అల్లుచుండును. కుక్కను పైకి పంపిన పుటకు ఒక స్పూను పోయెను.

"కుక్క వెనక్కొచ్చిందా?"

"పక్క పేజీ చూడమ్మా, ఎంత బాగుందో!"

నారింజరంగు దుస్తుల వీరుడు బస్సెక్కి రాకెట్టు కడకేగిన పుటకొకటి, జ్వాలామాలాపరివృతుడై నింగికెగిరిన పుటకొకటి, భూగోళము నీలిబంతియై తోచిన పుటకొకటి, సునాయాసముగా లోనికేగెను. ఇక మిగిలినది మాత్రగర్భితమైన ఆ కడపటి స్పూను.

అప్పుడు దైవము పగబట్టెను. పుట తిరుగలేదు! నిన్న ఒలికిన జావ వజ్రలేపమై రెండు కాగితముల నతికించివేసెను.

"అంతే, తిరిగి తిరిగి కిందికొచ్చేశాడు. ఆఁ, నోరు తెరువు."

"ఎలా వచ్చాడు?"

"ఎలాగోలా. బస్సెక్కి."

అంతట ఆ వీరకుమారి, ప్రళయకాలమేఘగంభీరస్వనయై, దిక్కులు పిక్కటిల్ల నిట్లు గర్జించెను:

"ఆకాశంలో బస్సుంటుందా? వాడింకా దిగలేదు. నేను తినను, పో!"

మంచముమీది అత్తగారు అందుకొనెను. "ముక్కు మూసి పోసెయ్యక, ఈ పైలోకాల గొడవేంటే అమ్మాయ్? నీ మొగుడికి నేనలాగే పోశాను."

"అందుకే అత్తయ్యా, ఆయన ఇప్పటికీ గ్లాసు చూస్తే పారిపోతున్నారు."

అట్లనుచు, 'ఓరీ జావలేపమా! గగనమును గెలిచిన వానిని గంజిమరకవై బంధింతువా? నేటితో నీవో, నేనో!' యని మనంబున ప్రతిజ్ఞచేసి, పొయ్యిమీద మరుగుచున్న టీగిన్నె కడకురికి, పుస్తకమును ఆవిరికి పట్టెను.

"పుస్తకాన్ని కూడా ఉడకేస్తున్నావా తల్లీ?" అనుచునే అత్తగారు తన కొప్పులోని పిన్ను తీసి అందించెను. "గోటితో పీకితే చిరుగుతుంది. దీనితో మెల్లగా లేపు."

ఊపిరి బిగబట్టి, అంగుళమంగుళము శత్రుసీమ నాక్రమించినట్లు, కోడలు చాపకడకు మరలి, పిన్నుతో అంచు లేపెను. రాకెట్టు మొన కొంత ఊడి వచ్చినది గాని, పుట విడెను.

బస్సూ లేదు, గిస్సూ లేదు. వీరుడు అంతరిక్షనౌకలోనుండి బయటికి దూకి, పారాచూటుతో దిగి, దున్నిన చేలో నిలుచుండెను. ఎదుట, జడిసి వెనుకంజ వేయుచున్న ఒక ముసలమ్మ, ఆమె మనుమరాలు. వాని నోటివద్ద పెద్ద అక్షరములు. తల్లి వేలుపెట్టి కూడబలుక్కొనెను:

"భయ... పడ... కండి. నేనూ... మనిషినే."

దిగుళ్ల తల్లికి ఆ మాట తనకే చెప్పినట్లు తోచెను.

"నాయనమ్మా! ఇది నువ్వూ, నేనూ..."

ఆ 'నేనూ'కు తెరుచుకొన్న కోటలోనికి స్పూను మెరుపువలె దూసుకుపోయెను. పిడుగు కనులు గుండ్రమాయెను. బుగ్గ ఉబ్బెను. ముగ్గురూ ఊపిరి మరచిరి. గుటుక్కు!

"చేదు! మోసం!"

"ఏదీ, నన్ను చూపించు," అనె అత్తగారు. "ఛీ, ఇంత ముసలిదాన్ని వేశాడేంటి?"

లోకులారా, ఆలకింపుడు! వ్యోమగామి నేలకు దిగెను. మాత్ర కడుపులోనికి దిగెను. సాయంత్రము ఇంకొక మాత్ర కలదు. అది అప్పటి యుద్ధము.