ఒక్కరోజు ఒరిజినల్

"పదింటికల్లా కారు ఎఫ్సీ పని చూసుకొని వచ్చేస్తా, బొరుగులు నానేసి ఉగ్గాని చేసిపెట్టు" అన్నాడు హనుమేషు బుధవారం పొద్దున.

తండ్రి వాడిన తెల్ల అంబాసిడరును అతను రెండేళ్లుగా బాగుచేస్తున్నాడు. బాగుచేయడమంటే అందులో బాగున్నవన్నీ తీసేయడం. సన్న చక్రాలు తీసి ట్రాక్టరు కుళ్లుకునేంత లావువి వేశాడు. వెనక పొడుగు సీటును క్షవరం షాపు ఓబుళేశుకు ఇచ్చేసి, విమానంలో ఉండే రకం సీట్లు పెట్టించాడు. పైన ఎర్ర స్టిక్కరు చుట్టించాడు. హారను నొక్కితే పెళ్లి బ్యాండు మొత్తం వినిపిస్తుంది. కర్నూలులో అలాంటి కారు ఇంకొకటి లేదు. లేదని కర్నూలు ఎన్నడూ బాధపడిందీ లేదు.

శుక్రవారం అతని అక్క కూతురు శివాని పెళ్లి. పెళ్లికూతురు మేనమామ కారులోనే మంటపానికి వస్తుందని బంధువుల వాట్సాప్ గ్రూపులో తనే ప్రకటించి, కారు ముందు చేతులు కట్టుకొని దిగిన ఫొటోలు కుప్పగా పోశాడు. తీరా చూస్తే రిజిస్ట్రేషను గడువు అయిపోయింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు పరీక్షించి సరేనంటే కారు రోడ్డెక్కుతుంది. కాదంటే కారూ పోతుంది, మేనమామ పరువూ పోతుంది.

"ఆ ఇన్‌స్పెక్టరుకు కండ్లు కనపడతాయా?" అడిగింది భార్య సుజన, ఉల్లిపాయలు తరుగుతూ.

"ఎందుకు?"

"కనపడకుంటే మీ పని అయితాది."

మెకానిక్ సైఫుల్లా కూడా ఇంచుమించు అదే అన్నాడు. "అన్నా, ఈ వేషంలో పోతే గేటు కూడా తీయరు. స్టిక్కరు పీకేద్దాం. ఒక్కరోజుకు పాత సామాన్లు అడిగి తగిలిచ్చుకుందాం. అందరూ అట్లే చేస్తాండారు."

శ్రీశైలానికి ట్యాక్సీ తిప్పే జమాల్ బాషా దగ్గర అలాంటి అంబాసిడరే ఉంది.

"చక్రాలిస్తాలేప్పా. నా బండి అంతవరకూ రాళ్ల మీద నిలబడాల్నా?" అన్నాడు జమాల్ బాషా.

అందుకని లావు చక్రాలు ఆయన బండికెక్కాయి. వాటి వెనకే బ్యాండు హారనూ, విమానం సీట్లూ వెళ్లాయి. రెండు కార్లకూ కుండమార్పిడి సంబంధం కుదిరింది.

ఓబుళేశు కూడా సీటివ్వనని అనలేదు. "గిరాకీలు కూచునేది దాన్లోనే అన్నా. సీటు యాడుంటే నేనూ ఆడనే" అని కత్తీ సబ్బూ పట్టుకొని ఎక్కాడు. సగం గడ్డం గీయించుకున్న మనిషొకడు, మిగతా సగం కోసం తనూ ఎక్కాడు. తన చక్రాలు ఏమవుతాయోనని జమాల్ బాషా తన బండిలో వెనకే బయలుదేరాడు.

ఆర్టీవో ఆఫీసు ఆవరణలో ఇన్‌స్పెక్టరు బూటుతో చక్రాన్ని తన్నాడు.

"మెల్లగా సార్, అవి నావి" అన్నాడు జమాల్ బాషా.

ఇన్‌స్పెక్టరు వెనక సీటు నొక్కబోయాడు.

"ఆ మూల స్ప్రింగు గుచ్చుకుంటాది సార్. నా సీటు, నాకు తెలుసు" అన్నాడు ఓబుళేశు, గడ్డం మీంచి కత్తి ఎత్తకుండానే.

"ఏమప్పా, బండి ఒకటే ఉండాది, ఓనర్లు ఎంతమంది?"

"అందరూ మావాళ్లే సార్. ఉమ్మడి కుటుంబం" అన్నాడు హనుమేషు.

ఇన్‌స్పెక్టరు జమాల్ బాషా టోపీని, ఓబుళేశు కత్తిని, సబ్బు నురగలో ఉన్న మనిషిని వరసగా చూశాడు. "శానా పెద్ద కుటుంబమే" అన్నాడు.

అయినా బ్రేకు పడింది, లైటు వెలిగింది, హారను బుద్ధిగా పీమంది. "పాత బండిని పాతగానే పెట్టుకునేటోళ్లు ఈ మధ్య కనపడటంలేదప్పా" అని ఇన్‌స్పెక్టరు మురిసిపోయి సరేననేశాడు. హనుమేషు అక్కడితో నోరు మూసుకొని ఇంటికి రావలసింది.

"శుక్రవారం మా అక్క కూతురు పెండ్లి సార్. పెండ్లికూతురు ఈ కార్లోనే వస్తాది."

"యాడ పెండ్లి?"

హనుమేషు మంటపం పేరు, పెళ్లికొడుకు పేరు గర్వంగా చెప్పాడు.

"జయకుమారా? మా చిన్నాయన మనవడే. నేనూ వస్తాండా. ఆ పొద్దు దీంట్లో ఒక్క బోల్టు మారినా ఆడనే సీజు చేస్తా" అన్నాడు ఇన్‌స్పెక్టరు, నవ్వకుండా.

ఒక్కరోజు అరువు కాస్తా పెళ్లిదాకా సాగింది. శుక్రవారం ఓబుళేశు ఇస్త్రీ చొక్కా వేసుకొని తన సీటులో కూచున్నాడు. జమాల్ బాషా లావు చక్రాల మీద తన సన్న చక్రాలను వెంబడించాడు.

పట్టుచీరలో గడప దాటిన శివాని తెల్ల కారును చూసి ఆగిపోయింది.

"మామా, గ్రూపులో పెట్టింది ఇది కాదే."

"అదే అమ్మా ఇది."

"లావు చక్రాలుండె. బ్యాండు హారనుండె. నా ఫ్రెండ్స్‌కంతా చెప్పినా."

వెనకనుంచి జమాల్ బాషా, ఆలస్యమవుతోందని, హారను నొక్కాడు. బ్యాండు మోగింది. శివాని నేరుగా వెళ్లి ట్యాక్సీ ఎక్కింది. పక్కనే సుజన ఎక్కి తలుపేసుకుంటూ, "మీరు మెల్లగా వెనకాల రండి" అంది.

మంటపం దగ్గర ఇన్‌స్పెక్టరు ట్యాక్సీ చక్రాలను చూశాడు, అందులోంచి దిగుతున్న తమ ఇంటి కోడలిని చూశాడు, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

తెల్ల కారు వెనక సీటులోంచి ఇస్త్రీ చొక్కాతో దిగిన ఓబుళేశును పెళ్లికొడుకు తరఫువాళ్లు మేనమామగా పోల్చుకొని, పన్నీరు చల్లి, శాలువా కప్పి లోపలికి తీసుకెళ్లారు.

స్టీరింగు దగ్గరున్న హనుమేషునూ మరిచిపోలేదు. ఎవరో వచ్చి, డ్రైవర్లకు భోజనాలు వెనకవైపని మర్యాదగానే చెప్పి వెళ్లారు.