మేడమీది రాహుకాలం

"పెళ్ళికి పనికిరాని టైము సిమెంటు ఆర్డరుకి ఎట్లా పనికొస్తుందిరా?" అని మా మామగారు ఉమాకాంతం గారు నిలదీస్తున్నారు.

"ఫైర్‌వాల్‌కి పంచాంగం ఏంటి నాన్నా! నలుగురూ వింటే నవ్వుతారు" అని మా మరిది అవినాష్ తల పట్టుకుంటున్నాడు. ఈ వాదన మొదలయ్యాక కాఫీలు రెండు విడతలయ్యాయి. డికాక్షన్ అయిపోయింది గాని వాదన తెమల్లేదు.

నేను మాత్రం మామగారి పక్షమే. నాలుగు చోట్ల ఉన్న తలుపుల్ని ఒకే మేడమీద కూర్చుని మూసెయ్యగలగడం కంటే మనిషికి కావలసిన సుఖం ఇంకేముంది చెప్పండి!

మీకు అర్థమయ్యేలా చెబుతాను. మాకు జగ్గయ్యపేట, నందిగామ, గరికపాడుల్లో సిమెంటు, ఇనుము కొట్లున్నాయి. అన్నిట్లో కంప్యూటర్లున్నాయి. నందిగామ గుమాస్తా సాంబయ్యకి ఏదో లాటరీ తగిలిందని మెయిలొస్తే ఆయన ఆశగా తెరిచాడు. లాటరీ రాలేదు, వైరస్ వచ్చింది. దాంతో అవినాష్ మూడు కొట్లకీ, జగ్గయ్యపేటలోని మా ఇంటికీ తలా ఒక ఫైర్‌వాల్ డబ్బా బిగించాడు. బయటి ఇంటర్నెట్‌కీ మన కంప్యూటర్‌కీ మధ్య కూర్చునే గూర్ఖా అన్నమాట. ఎవరిని రానివ్వాలో, ఎవరిని పోనివ్వాలో అదే చూస్తుంది.

ఆ నలుగురు గూర్ఖాలకీ రోజూ ఊరూరా తిరిగి ఎవడు చెబుతాడు? అందుకని నందిగామ కొట్టు మేడమీద ఒక కంప్యూటర్ పెట్టాడు. అక్కడ ఒక్క మీట నొక్కితే నాలుగు చోట్లా ఒకటే రూలు!

ఎంత న్యాయమో చూడండి. గరికపాడు గుమాస్తా జ్ఞానయ్య పని మానేసి సినిమా పాటలు చూశాడు. వెంటనే నాలుగు చోట్లా వీడియోలు బంద్! నేను ఇంట్లో చూసుకునే ఆవకాయ వీడియో కూడా బంద్! ఒక ఇంట్లో పిల్లాడు దగ్గితే వీధంతా కషాయం తాగాలి. దాన్నే సమానత్వం అంటారు.

వాతావరణం చూసే పేజీ కూడా మూసేశారు. వాన పడితే సిమెంటు బస్తాల మీద టార్పాలిన్ కప్పాలి కదా? అయినా ఇబ్బందేం లేదు. జ్ఞానయ్య నందిగామ మేడమీదికి ఫోన్ చేస్తాడు. అవినాష్ ఏ రూలూ అంటని తన కంప్యూటర్లో చూసి, "గరికపాడులో వాన లేదు" అంటాడు. "తడుస్తున్నానండీ" అంటాడు జ్ఞానయ్య. "లేదని ఇక్కడ చూపిస్తోందయ్యా!" అంటాడు మావాడు. గరికపాడు సంగతి గరికపాడు వాడికేం తెలుస్తుంది?

ఈ మహిమంతా కళ్ళారా చూశాకే మామగారికి ఆ ఆలోచన వచ్చింది. ఒక్క మీటతో నాలుగు చోట్లా మూయగలిగినప్పుడు రోజూ రాహుకాలంలో మొత్తం ఇంటర్నెట్టే మూసెయ్యొచ్చు కదా? డబ్బాలు కొన్నది ఆయన. అవినాష్ ఎంతసేపు తల పట్టుకుంటాడు? మర్నాటికల్లా రూలు పెట్టేశాడు.

రూలు ఎంత గట్టిదో ఆ శుక్రవారమే తెలిసింది.

మా అమ్మాయి ఉషశ్రీకి ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కంప్యూటర్స్ సీటు తప్ప ఇంకేదీ వద్దని పట్టు. ఏ కాలేజీలు కావాలో ఇంటర్నెట్‌లో ఎంచుకోవడానికి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటితో గడువు సరి. ముందే నొక్కేస్తానని పిల్ల మొత్తుకున్నా, శుక్రవారం ఉదయమే దివ్యమైన ఘడియ అన్నారు మామగారు. ఆ దివ్యమైన ఘడియలో కరెంటు కోత! పదిన్నరకి కరెంటూ, రాహుకాలమూ చేయి చేయి పట్టుకుని వచ్చాయి.

కంప్యూటర్ వెలిగింది. ఇంటర్నెట్ లేదు. నందిగామకి ఫోన్ చేశాను.

"తియ్యలేను వదినా! ఇంటి డబ్బాకి తెరుచుకోమని ఇక్కణ్ణించి చెబితే ఆ మాట కూడా గేటు దాటే రావాలి. గేటేమో రాహుకాలమని మూసుకుంది." తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది మావాడి పని. "నువ్వే ఆ డబ్బాకున్న వైరు పీకి, నేరుగా మోడెంకి గుచ్చెయ్."

నేను వైరు మీద చెయ్యి వేశానో లేదో, మామగారు అడ్డంగా నిలబడ్డారు. "రాహుకాలంలో గేటు పీకుతావా అమ్మాయ్? పన్నెండయ్యాక చూద్దాం."

"పన్నెండయ్యాక చూడ్డానికి ఏముంటుంది తాతయ్యా!" ఉషశ్రీ కళ్ళనిండా నీళ్ళు.

ఆటో ఎక్కించి బస్టాండు పక్కన ప్రేమానందం నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడ ఫైర్‌వాల్ మాట దేవుడెరుగు, మూడో వైపు మామూలు గోడే లేదు, గోనెపట్టా కట్టారు. సాలెపురుగులున్నాయి, దోమలున్నాయి, ఇంటర్నెట్ కూడా ఉంది! గడువు ఇంకా పావుగంట ఉందనగా పిల్ల పని ముగించింది.

రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నాం.

"ఏ టైములో నొక్కావే?" అని అడిగారు మామగారు.

"నిండు రాహుకాలంలో తాతయ్యా."

ఆయన నిట్టూర్చి అవినాష్ వైపు తిరిగారు. "అందుకేరా, ఇదొక్కటే చాలదు. వర్జ్యం, దుర్ముహూర్తం కూడా ఎక్కించెయ్."

అవినాష్ నావైపు చూశాడు. నేను చారు వడ్డిస్తూ, గొంతు పెంచకుండానే చెప్పాను.

"ఎక్కించనీయండి మామయ్యగారూ. రేపట్నించి వంటిల్లు కూడా అదే పద్ధతి. సోమవారం ఏడున్నర నించి తొమ్మిది దాకా టిఫిన్ గేటు మూత. మంగళవారం మూడు నించి నాలుగున్నర దాకా టీ లేదు. బుధవారం పన్నెండింటికి మీ భోజనం వేళకి సరిగ్గా రాహుకాలం. అందరికీ ఒకటే రూలు."

చారుగిన్నె పక్కన పెట్టి ఇంకో మాట కలిపాను.

"మరీ ఆకలేస్తే జ్ఞానయ్యలాగా నాకు ఫోన్ చెయ్యండి. మీకు ఆకలిగా ఉందో లేదో వంటింట్లోంచి చూసి చెబుతా."