మావారు తప్పుకున్నారు

ఆ ఉదయం సెక్రటరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్తకు మాత్ర వేయాలి, పోటీ నిర్వాహకులకు ఓ ఉత్తరం పంపాలి, పదింటికల్లా కాస్త నడుం వాల్చాలి. ఆమె ఓ సైకిల్ జట్టుకు సెక్రటరీ. అందులోని ఐదుగురు రైడర్లలో భర్త ఒకరు. రాత్రి నుంచీ ఆయన ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. వారంపాటు పెడల్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు.

జట్టు పేరు అచ్చేసిన కాగితం మీద ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "మావారు ఆదివారం పోటీ నుంచి తప్పుకుంటున్నారు. దయచేసి గమనించగలరు." పన్నెండేళ్ల కాపురంలో భర్తను పేరుపెట్టి ప్రస్తావించిన పాపాన పోలేదు మరి. కింద జట్టు ముద్ర కొట్టి పంపేసింది.

పదకొండింటికి మేనేజరు రొప్పుతూ వచ్చాడు. చేతిలో మూడు పేజీల లాయరు నోటీసు.

"ఏమ్మా, మనం పోటీ మానేశామట! నాతో ఒక్క మాట చెప్పొద్దూ?"

"మనమేంటండీ? మావారొక్కరే కదా!"

"నీకు మావారంటే మీ ఆయన. వాళ్ళకి మావారంటే మనవాళ్ళందరూ!"

ఒక్క రైడరుకు జబ్బుచేస్తే డాక్టరు చీటీ చాలు. కారణం చెప్పకుండా జట్టంతా తప్పుకుంటే మాత్రం, ఒప్పందం ప్రకారం రెండేళ్ల నిషేధం. పెరట్లో మిగతా నలుగురు రైడర్లు సైకిల్ గొలుసులకు నూనె పెట్టుకుంటున్నారు. ఏడాది కష్టం తన ఒక్క మాటతో బూడిదలో పోసిన పన్నీరవుతుందా?

వెంటనే నిర్వాహకుల లాయరుకు ఫోన్ చేసింది. "అయ్యా, మావారంటే మా ఆయనండీ."

"మీ ఆయన ఎవరమ్మా?"

"అదేనండీ, మావారు."

"పేరు, తల్లీ, పేరు!"

కళ్ళు మూసుకుని చెప్పేసింది. లోపలి గదిలో దుప్పటి కిందనుంచి "ఆఁ, ఏంటీ?" అని కేక వినిపించింది.

"ఇదంతా రాతపూర్వకంగా తెండి. అప్పటిదాకా మీరు తప్పుకున్నట్టే" అన్నాడు లాయరు.

ఈలోగా కబురు ఊరంతా పాకింది. అంత గట్టి జట్టు తప్పుకుందంటే ఏదో మతలబు ఉండే ఉంటుందని, మధ్యాహ్నానికి రెండు జట్లు, సాయంత్రానికి మరో మూడు తప్పుకున్నాయి. అందరికీ నోటీసులు వెళ్ళాయి. ఏదో ఒక కారణం చూపక తప్పదు కాబట్టి అందరి జవాబూ ఒకటే: పోటీ దారి బాగాలేదు.

లాయరుకు ఒళ్ళు మండింది. దారి అద్దంలా ఉందని కోర్టులో రుజువు చేయడానికి ఓ ఇంజినీరును, కెమెరాను వెంటబెట్టుకుని మర్నాడు బయలుదేరాడు. ఏటవాలు దిగాక ఉన్న వంతెన మీద ఇంజినీరు కర్రతో తట్టాడు. కర్ర అవతలికి దిగిపోయింది. మొన్నటి వానకు అడుగున మట్టంతా కొట్టుకుపోయి, పైన తారు పొర మాత్రమే మిగిలింది.

సంజాయిషీ కాగితంతో సెక్రటరమ్మ గడప దాటబోతుండగా లాయరే ఎదురొచ్చాడు. నోటీసు నాలుగు ముక్కలు చేశాడు.

"పోటీ పదిహేను రోజులు వాయిదా వేశాం, దారి మార్చి పెడతాం. అమ్మా, ఇంకో జట్టులో మా తమ్ముడున్నాడు. వాడు దూకుడు మనిషి, ఆ వంతెన మీదికి ముందు వాడే వెళ్ళేవాడు." చేతులు జోడించాడు.

ఆమె లోపలికి వెళ్ళి భర్త నుదుటిమీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. ఆ జ్వరానికి మనసులోనే దండం పెట్టుకుంది.

పదిహేను రోజుల తర్వాత ఆఖరి మలుపులో లాయరుగారి తమ్ముడు సెక్రటరమ్మ భర్తను దాటేసి మొదట వచ్చాడు. కృతజ్ఞత ఎంతున్నా, దానికోసం ఎవరూ బ్రేకు వేయరు.