వేడెక్కని చొక్కా

ఆ ఉదయం స్విచ్చాయన వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఆరింటికి కొత్త డ్రయ్యర్‌లో తడి బట్టలు వేయడం, తొమ్మిదింటికి తీసి తెల్లచొక్కా తొడుక్కోవడం, పదింటికి ఇంటికొచ్చే పెద్ద ఆఫీసరుకు ఆ యంత్రాన్ని చూపించడం. అంతే.

ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే ప్రాణం విలవిల్లాడి ఆర్పేస్తాడు కాబట్టి ఆయనకా పేరు. ఒకసారి అత్తగారు స్నానాల గదిలో ఉండగానే ఆర్పేశాడు. కరెంటాఫీసులో పన్నెండేళ్లుగా ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చుని, తాను చేయని తప్పులకు తిట్లు తింటున్నాడు. ఇప్పుడు కరెంటు పొదుపు గురించి జనానికి చెప్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. "ముందు మీ ఇంట్లో పొదుపెలా ఉందో చూస్తాను" అన్నాడు పెద్ద ఆఫీసరు. అందుకే నిప్పులు కక్కే పాత డ్రయ్యర్‌ను సాగనంపి, సగం కరెంటుతో నడిచే కొత్తదాన్ని తెచ్చాడు. ఆ కిటికీ నుంచి లేచిపోవాలని ఆయన ఎంతగా తపిస్తున్నాడో భార్య ఒక్కదానికే తెలుసు.

తొమ్మిదింటికి యంత్రం ఆగింది. తలుపు తీసింది మాత్రం అత్తగారు. ఆవిడ నలభై ఏళ్లు రొట్టెల దుకాణం నడిపిన మనిషి. చేతి వెనకవైపు ఆనించి, రొట్టె కాలిందో లేదో తేల్చి చెప్పగలదు. అదే చెయ్యి చొక్కాకు ఆనించింది.

"పచ్చిగానే ఉంది" అంది.

"లేదత్తయ్యగారూ, ఆరిపోయింది. ఇది పాతదానిలా కాల్చదు. గోరువెచ్చగా, నిదానంగా ఆరబెడుతుంది."

"వేడి తగలకుండా ఆరడమేంటి బాబూ? నా చేతికి తెలీదా?"

స్విచ్చాయన తానూ ముట్టుకున్నాడు. చల్లగా తగిలింది. యంత్రంతో ఇచ్చిన పుస్తకాన్ని నమ్మాలా, అత్తగారి చేతిని నమ్మాలా అని ఒక్క క్షణం తటపటాయించాడు. పన్నెండేళ్ల కాపురం గుర్తొచ్చి చేతినే నమ్మాడు. మిగతా బట్టలు మళ్లీ లోపల వేసి మీట నొక్కితే, ఇంకా రెండు గంటలు పడుతుందని చూపించింది యంత్రం.

"మీరెళ్లి చెప్పాల్సింది చూసుకోండి. చొక్కా సంగతి మేం చూస్తాం" అంది భార్య.

ఆయన బనీనుతో గదిలో కూర్చుని, పొదుపు మీద నాలుగు మాటలు బట్టీ పడుతున్నాడు. ఇవతల అత్తగారు ఓవెన్ వెలిగించి, తలుపు బార్లా తీసి, దానిముందు కుర్చీకి చొక్కా తగిలించింది. భార్య ఇస్త్రీపెట్టె పెట్టి ప్యాంటు మీద పడింది. హాల్లో రూమ్ హీటర్ ముందు తువ్వాళ్లు బారులు తీరాయి. మేజోళ్ల కోసం జుట్టు ఆరబెట్టుకునే మిషను కూడా రంగంలోకి దిగింది. మీటరు గిర్రున తిరిగింది. పదికి ఐదు నిమిషాలుండగా టప్పుమని ఇల్లంతా ఆరిపోయింది.

స్విచ్చాయన పెరట్లోని ఫ్యూజుల పెట్టె దగ్గరికి పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే వీధి వాకిట్లో, కుండపోత వానలో పెద్ద ఆఫీసరు కాలింగ్ బెల్ నొక్కుతున్నాడు. కరెంటు లేని బెల్ మోగదన్న సంగతి అంతటి ఆఫీసరుకీ తట్టలేదు. పది నిమిషాలకు కరెంటొచ్చేసరికి, ఇంకా మీట మీదే ఉన్న ఆ వేలి కింద బెల్ ఇల్లు అదిరేలా మోగింది.

నీళ్లోడుతూ లోపలికొచ్చిన ఆఫీసరు ఓవెన్‌ను, హీటర్‌ను, ఇస్త్రీపెట్టెను, బనీనులోని స్విచ్చాయనను వరసగా చూశాడు.

"ఇదేనా మీ పొదుపు?"

స్విచ్చాయనకు ఇంకో పన్నెండేళ్ల కిటికీ కళ్లముందు కనిపించింది. ఏడుపొక్కటే తక్కువ.

"తప్పు నాదండీ, బట్టలు ఆరిపోయాయని ఆయన చెప్పినా నేనే వినలేదు" అంది అత్తగారు. "ముందా కోటు విప్పండి, జలుబు చేస్తుంది."

దేన్నీ తూచకుండా పొయ్యిలో పెట్టని అలవాటు కొద్దీ, కోటును వంటింటి తక్కెడలో తూచి మరీ డ్రయ్యర్‌లో వేసింది. స్విచ్చాయన అప్పటికే లోపలి బట్టలు తీసేసి, వాటిలోంచి యంత్రం లాగిన నీళ్లు చేరే డబ్బా ఖాళీ చేసి పెట్టాడు. ఆఫీసరు అత్తగారి శాలువా కప్పుకుని గంటన్నర కూర్చున్నాడు.

కోటు బయటికి వచ్చింది. ఆఫీసరు తడిమి చూసి పెదవి విరిచాడు. "ఇంకా తడిగానే ఉందే!"

అత్తగారు తలూపబోయి, ఎందుకో ఆగి, కోటును తూచింది. నాలుగు వందల గ్రాములు తగ్గింది. డబ్బాలోకి చేరిన నీళ్లు తూచింది. దాదాపు అంతే. కోటును ఇంకో పావుగంట యంత్రంలో తిప్పి రెండోసారి తూచింది; ఒక్క గ్రాము కూడా తగ్గలేదు.

"నీళ్లన్నీ బయటికొచ్చాక లోపల తడెక్కడిదండీ? మీ చేతికి తగిలింది చల్లదనం. నా చెయ్యీ అలాగే మోసపోయింది." అల్లుడి వైపు తిరిగింది. "మీరే కరెక్టు బాబూ."

పెళ్లయ్యాక ఆ మాట వినడం అదే మొదలు. స్విచ్చాయన కళ్లు చెమర్చాయి.

ఆఫీసరు కోటు తొడుక్కుని కాసేపు అటూ ఇటూ నడిచాడు. "ఇంత తేలిగ్గా మా ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లాలన్న షరతు మీద స్విచ్చాయనకు ఆ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పొదుపు సభల్లో అత్తగారు మాట్లాడుతుంటే, ఆవిడ సైగ చేసినప్పుడల్లా లేచి లైట్లు ఆర్పుతాడు.