ఫుట్‌పాత్ మీద నా సైకిలు సేవ

సైకిలు తొక్కేవాడు రోడ్డు మీద కాదు, ఫుట్‌పాత్ మీదే తొక్కాలి! ఇది నా అభిప్రాయం కాదు పాఠకులారా, నిర్ణయం. ఈ జంషెడ్‌పూర్‌లో నాలుగేళ్లుగా ఆచరించి మరీ చెబుతున్నాను.

నా అర్హతలు కూడా మనవి చేసుకోవాలి కదా. పేరు అప్పలరాజు. కాపురం అగ్రికో కాలనీలో. ఉద్యోగం ఉక్కు కర్మాగారంలో, ఓ కాంట్రాక్టరు కింద సేఫ్టీ సూపర్‌వైజరు. రోజూ పొద్దున్నే ముప్పైమందిని వరసగా నిలబెట్టి, ప్రాణాలు ఎలా కాపాడుకోవాలో అరిచి చెప్పడం నా పని. హెల్మెట్ పట్టీ వదులైనా ఊరుకోను. అంతటివాడు ఫుట్‌పాత్ ఎక్కాడంటే వెనకాల ఎంత ఆలోచన ఉండాలి!

ముందుగా పాదచారులకు కలిగే లాభం చూద్దాం. నడిచేటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? ఫోన్‌లో తల దూరుస్తారు. వెనక నుంచి నా బెల్లు ట్రింగుమనగానే ఉలిక్కిపడి తలెత్తుతారు. చెట్లు చూస్తారు, ఆకాశం చూస్తారు, ఆనక నన్ను చూస్తారు. నన్ను చూశాక ఏమంటారన్నది ఇక్కడ అప్రస్తుతం. జుగ్సలాయి బజారులో ఒక గోనెసంచుల వ్యాపారి తన వయసులో కూడా అంత దూరం గెంతగలనని నావల్లే తెలుసుకున్నాడు. యోగా మాస్టారికైతే దణ్ణం పెట్టేవాడు. నాకు తిట్లు పెట్టాడు. లోకం తీరే అంత.

ఇక సంసారాల సంగతి. మొగుడూ పెళ్లాలు వీధిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎన్నాళ్లయిందో! నేను ఎదురొస్తే చటుక్కున పట్టుకుంటారు. ఈ సేవకి నాకెవరూ శాలువా కప్పలేదు, నేనూ అడగలేదు.

ఫుట్‌పాత్ నడిచేవాళ్లది కదా అని వాదించేవాళ్లున్నారు. మా అమ్మాయి బిందుప్రియ ఆ బాపతే. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే తరం. "పాపా, ఫుట్‌పాత్ పైదల్‌వాలోం కా హై!" అంది ఓ రోజు. నడిచేవాళ్లదట! అయితే దాని మీద గుప్‌చుప్ బండి, అదే మన పానీపూరీ బండి, నడుస్తోందా? పార్కు చేసిన కారు నడుస్తోందా? టెంట్‌హౌస్ వాళ్లు ఆరేసిన జంపఖానాలు నడుస్తున్నాయా? కదలనివాటికి లేని అభ్యంతరం కదిలేవాడికెందుకు? పిల్ల మారు మాట్లాడలేదు. నా తర్కానికి నేనే మురిసిపోయాను. దాని చెవిలో ఇయర్‌ఫోను ఉందని తర్వాత తెలిసింది.

మరి హాయిగా రోడ్డు మీదే తొక్కొచ్చు కదా అని మీరడగొచ్చు. అడక్కుండా ఉంటే బాగుండేది. రోడ్డు మీద ఉక్కు చుట్టలు మోసుకెళ్లే ట్రైలర్లు తిరుగుతాయి. నాలుగేళ్ల కిందట ఒకటి నా హ్యాండిలు రాసుకుంటూ పోయింది. నేనూ సైకిలూ కలిసి కాలవలో పడ్డాం. క్యారేజీలో చారు నా నెత్తిన పడింది. మర్నాటి నుంచి ఫుట్‌పాత్ ఎక్కాను. దీన్ని మీరు భయం అనుకుంటే పొరపాటు. దూరదృష్టి!

మొన్న గురువారం సాయంత్రం డ్యూటీ దిగి అదే దూరదృష్టితో వస్తున్నాను. ముందు ఒకావిడ నెత్తిన కొంగు కప్పుకుని, రెండు చేతుల్లో రెండు సంచులతో నడుస్తోంది. బెల్లు కొట్టాను. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. తిరగకుండానే పక్కకి ఒక్క అడుగు వేసి, రోడ్డు మీదికి దిగిపోయింది.

ట్రైలరు బ్రేకు కీచుమని అరిచింది. ఆవిడకి మూరెడు దూరంలో ఆగింది. సంచి జారి వంకాయలు చక్రాల కిందికి దొర్లాయి. "మర్‌నా హై క్యా?" అని డ్రైవరు కేకేశాడు. చావాలనుందా అని. కొంగు జారింది. మా పైడితల్లి. నా భార్య.

ఆమె ప్లాంటు క్యాంటీన్‌లో వండుతుంది. లోపల తిరిగే రైలింజను కూత వినబడితే వెనక్కి చూస్తూ నిలబడొద్దు, ముందు పక్కకి తప్పుకో, తర్వాత చూడు అని ఆమెకి నేర్పింది నేనే. అన్నం తినేటప్పుడు కూడా పాఠం చెప్పాను. నా శిష్యులందరిలోకీ ఆ పాఠం ఇంత బాగా ఒంటబట్టింది ఆమెకే.

సైకిలు పడేసి ఆమెను పైకి లాగాను. ఆమె నా మొహం చూసింది, కింద పడ్డ సైకిలు చూసింది.

"బెల్లు కొట్టింది నువ్వేటి?"

"నువ్వని తెలీనేదే..."

"తెలిత్తే కొట్టకపోదువా? మరెవుల్దో పెళ్లామైతే లారీ కింద పడినా పర్నేదేటి?"

ఆమె సంచి దులుపుకుంది.

"లారీకి బయపడి నువ్వు ఇక్కడికెక్కినావు. నీకు బయపడి నానెక్కడికి దిగాలి? ఆ లారీ ముందలికే కదా!"

పాఠకులారా, నాలుగేళ్ల నా సిద్ధాంతాన్ని ఆమె ఖాళీ సంచి దులిపినంతసేపట్లో దులిపేసింది. కార్ఖానా లోపల క్రేనుకో దారి, ఇంజనుకో దారి, మనిషికో దారి రంగు వేసి గీశారు. ఊళ్లో సైకిలుకని మూరెడు దారి ఎవరూ గీయలేదు. అడగాల్సింది అదీ! ట్రైలరుని ఏమీ అనలేక, అడగాల్సినవాళ్లని అడగలేక, సంచులు మోసుకుపోయే ఆడవాళ్ల వెనక బెల్లు కొట్టుకుంటూ తిరిగాను. నాకు సిగ్గేసింది.

ఇవాళ పొద్దున రోడ్డు మీదే వెళ్లాను. వెనక ట్రైలరు హారన్ మోగింది. నా హ్యాండిలు దానంతటదే ఫుట్‌పాత్ వైపు తిరిగింది. అక్కడ ఒకావిడ నడుస్తోంది. ఎవరి భార్యో నాకు తెలీదు. బ్రేకు నొక్కి, దిగి, సైకిలుని పొట్టకి ఆనించుకుని కాలవ అంచున నిలబడ్డాను. ఒక ట్రైలరు వెళ్లింది. దాని వెనక ఇంకో రెండు వెళ్లాయి.

డ్యూటీకి పావుగంట ఆలస్యమైంది. ముప్పైమందీ వరసలో నిలబడి ఎదురుచూస్తున్నారు. ఏమైంది సార్ అని అడిగారు. భయమేసి ఆగిపోయానని చెప్పాను.